ప్రేమయ్య అంగి

ప్రేమయ్య కుట్టిన కాలరు నిలబడినంత నిటారుగా పత్తికొండలో మునసబు కూడా నిలబడలేడని అనేవాళ్లు. తొడుక్కున్నవాడు కచేరీ బల్లమీద కూర్చుని కునుకు తీసినా కాలరు మాత్రం మేలుకునే ఉండేది. పెండ్లికొడుకులు, కొత్తగా ఉద్యోగాలొచ్చిన పంతుళ్లు, ఓట్లకు నిలబడిన పెద్దమనుషులు, అందరి మెడలూ ఆయన చేతిమీదుగానే తలెత్తుకున్నాయి. దర్జీయే గాని దర్జా లేని మనిషి. వెంకటేశ్వర్లు శెట్టి బట్టల అంగడి గోడకు వారగా దింపిన రేకుల పంచ కింద కుట్టుమిషను, ఊరి చివర క్రైస్తవ మిషను కాంపౌండులో గుడి. రెండు మిషన్లకూ ఆయనే నూనె పోసేవాడు, ఒకదానికి ఇరుసులో, ఇంకోదానికి దీపంలో. ఆ గుడికి ఆయన సంఘపెద్ద కూడా. నెలకోసారి ప్రభువు సంస్కారం నాడు ద్రాక్షరసం గిన్నె పట్టుకుని వరసల మధ్య నడిచేది ఆయనే.

ఆ ఏడు కరువు. అంతకు ముందేడూ కరువే, కాని అప్పుడు ఆకాశంలో మబ్బులైనా కనబడేవి కనుక జనం దాన్ని కరువని పిలవడానికి మొగమాటపడ్డారు. చెరువులో నీళ్లు లేవని చెరువు తవ్వే పని పెట్టారు. తవ్వేవాళ్ల కడుపుల్లో ఏమీ లేదని గట్టుమీద గంజి కేంద్రం పెట్టారు. ఊళ్లో గంజి రెండు చోట్ల కనబడేది: పనివాళ్ల ముంతల్లో పలచగా, కరువు కమిటీవాళ్ల చొక్కాల్లో చిక్కగా.

ఎక్కడివాళ్లో దాతలు చెరువు పనివాళ్లకు చొక్కాలు కుట్టించమని ముతక తెల్లగుడ్డ తాన్లు పంపారు. కమిటీ తరఫున శెట్టి వాటిని తెచ్చి ప్రేమయ్య ముందు దించాడు.

"కాలరు వద్దు ప్రేమయ్యా. జేబు వద్దు. మెడకు ఒక పట్టీ వేసి, మూడు గుండీలు పెట్టి వదిలెయ్."

"కాలరు లేకుంటే ఏం బాగుంటాది శెట్టీ? బోడితల మాదిరి ఉంటాది."

"చెప్పింది చెయ్యప్పా. మిగిలిన తాన్లు కమిటీకి కావాల్ల."

ప్రేమయ్య చేతులకు అది కుట్టుపనిలా అనిపించలేదు, కోతపనిలా అనిపించింది. కత్తిరి ఎండల్లో ఆయన కత్తెర పగలంతా ఆడింది. మెడ దగ్గరికి వచ్చినప్పుడల్లా అలవాటు చొప్పున సుద్దముక్క కాలరు గీత గీసేది. ఆయన దాన్ని బొటనవేలితో తుడిచేవాడు. అన్నీ కత్తిరించాక, కుట్టు మొదలుపెట్టకముందే, మిగిలిన తాన్లు విప్పకుండా, మడత నలగకుండా శెట్టికి అప్పజెప్పాడు. ఆ తాన్లలో జానెడు గుడ్డ కూడా తాను ఉంచుకోలేదు.

గురువారం పొద్దున చెరువుగట్టుమీద చొక్కాలు పంచారు. కమిటీ ప్రెసిడెంటు తిమ్మారెడ్డి గొడుగు నీడన కుర్చీలో కూర్చున్నాడు. శెట్టి పేరు పిలుస్తుంటే ఒక్కొక్కరూ వచ్చి చొక్కా తీసుకుని, మట్టి తట్ట పక్కనపెట్టి, అక్కడే తొడుక్కున్నారు. మూటలు మోసుకొచ్చిన ప్రేమయ్య చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. చొక్కా తొడుక్కున్నవాడు మొదట చేసే పని మెడ దగ్గర తడుముకోవడం. ఒకడు తడుముకున్నాడు, ఇంకొకడు తడుముకున్నాడు. కాసేపటికి గట్టుమీద అందరి చేతులూ అందరి మెడలమీదా ఉన్నాయి.

దాసన్న ముందుకు వచ్చాడు. ప్రేమయ్య ఇంటి వెనక ఇల్లే, గుడిలో ముందు వరసే. తల్లి గిడ్డమ్మ పోయి వారమే అయింది, గీసుకోని గడ్డం ముళ్లలా ఉంది.

"కాలరు యాడ శెట్టీ? దాతలు సగం అంగే పంపించినారా?"

శెట్టి తిమ్మారెడ్డివైపు చూశాడు. తిమ్మారెడ్డి గొడుగు కాడవైపు చూశాడు.

"గుడ్డ సరిగ్గా ఇచ్చినామప్పా," అన్నాడు శెట్టి. "కుట్టినోడు ఈడే ఉండాడు, అడుక్కో."

ప్రేమయ్యకు నోరు తెరవడానికి పట్టిన కాలంలోనే గట్టంతా ఒక నిర్ణయానికి వచ్చేసింది. ఆ ఊళ్లో ఎవరి గుడ్డ కత్తిరించినా పేలికలు దర్జీవే. అడిగేవాడూ లేడు, ఇస్తున్నానని చెప్పేవాడూ లేడు, తాతల నాటినుంచి వస్తున్న వాడుక. ఒక చొక్కాకైతే అది పేలిక. ఇన్ని చొక్కాలకు ఇన్ని కాలర్లంటే అది పేలిక కాదు, పెండ్లి పందిరికి సరిపోయే గుడ్డ.

"ప్రేమగానే కుట్టినాడప్పా," అన్నాడు తట్టలు మోసే మనిషి ఒకడు. "మెడకాడికొచ్చేసరికి ప్రేమ అయిపోయినాది."

గట్టు ఘొల్లుమంది. వారాల తరబడి నవ్వని జనం, ఖర్చు లేని నవ్వు దొరికేసరికి కడుపునిండా నవ్వారు.

"ఇది అంగి కాదురా, ప్రేమయ్య అంగి!"

"శెట్టీ..." అన్నాడు ప్రేమయ్య.

"గంజి పోయండి," అని తిమ్మారెడ్డి కేకేశాడు. జనం ముంతలు పట్టుకుని అటు తిరిగారు. ఆకలి ముందు న్యాయం ఎప్పుడూ వరసలో వెనకే నిలబడుతుంది.

మర్నాటికి పేరు బజారుకొచ్చింది. రేకుల పంచ ముందునుంచి పోయేవాళ్లు మెడ నిమురుకుంటూ పోయారు. టీ అంగడి దగ్గర ఒకాయన తన కాలరు రెండు చేతులతో పట్టుకుని, "జాగ్రత్తరా, ఆడ ప్రేమయ్య ఉండాడు," అంటూ పరుగు నటించాడు. ప్రేమయ్య మిషను తొక్కుతూనే ఉన్నాడు. గంట తర్వాత చూసుకుంటే సూదిలో దారం లేదు. గుడ్డమీద వరసగా చిల్లులే ఉన్నాయి, కుట్టు లేదు.

మధ్యాహ్నం దాసన్న పని విడిచిన మట్టికాళ్లతో వచ్చాడు. పంచ కిందికి రాలేదు, ఎండలోనే నిలబడ్డాడు.

"లోపలికి రా దాసన్నా, ఎండ."

"ఎండకేం గాని, ఒకటి అడుగుతా. నిజం చెప్పు ప్రేమన్నా. శెట్టి తిన్యాడా, నువ్వు తింటివా?"

"నేను తినలేదురా. కాలరు వద్దన్నది వాళ్లే. మిగిలిన తాన్లు మడత విప్పకుండా ఇచ్చేసినా."

"ఎవరు చూసినారు?"

చూసింది మిషను, అది మాట్లాడదు.

"కమిటీవాళ్లు తింటారా అన్నా?" దాసన్న గొంతు తగ్గింది. "మా అమ్మ పోయిన దినం ఏమైందో తెలుసు గదా నీకు. జ్వరమొచ్చి గంజికాన్నే పడిపోయె. నా చేతిలో ఏముండాది? పాత చీరలో చుడదామనుకుంటాంటే రెడ్డి వాళ్లింట్లోంచి కొత్తగుడ్డ పంపించినాడు. తెల్లంగ, మడత కూడా విప్పనిది. మా అమ్మ బతికుండంగా అట్లాటిది కట్టలేదు. అట్లాటి మనిషి కూలోల్ల మెడకాడ గుడ్డ కాజేస్తాడా? నువ్వు మావాడివే. మాతో కలిసి పాడినవాడివి. నువ్వు గిన్నె తెచ్చిస్తే తాగినోళ్లం."

"దాసన్నా..."

"అమ్మేసింటే చెప్పు. కరువు గదా, ఎవురైనా అమ్ముకుంటారు. చెప్తే నేనే అందరితో మాట్లాడి సర్దుతా. చెప్పకుండా ఉంటే ఎట్లన్నా?"

అదే ప్రేమయ్యకు ఎక్కువ నొచ్చింది. దొంగవన్న మాటకన్నా, దొంగవైనా ఫరవాలేదన్న మాట లోతుగా దిగింది.

సాయంత్రం పాదిరి లేవయ్య ఇంటికే వచ్చాడు. ప్రేమయ్య భార్య జీవమ్మ చాప వేసింది. ఆయన కూర్చోలేదు, చేతికర్ర ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుంటూ నిలబడ్డాడు.

"ఆదివారం సంస్కారం ఉండాది ప్రేమయ్యా. సంఘం మాట్లాడుకుంటాండాది."

"నేను తీసుకోలేదయ్యగారూ."

"నేను నమ్ముతాండా. నా నమ్మకంతో అయ్యేది కాదు. ఆదివారం లోపల కమిటీవాళ్లు ఎవరైనా ఒక్క మాట చెప్తే సాలు. లేకుంటే..." కర్ర మళ్లీ చెయ్యి మారింది. "లేకుంటే గిన్నె ఇంకొకరికి ఇయ్యాల్సొస్తాది. నువ్వు కూడా తీసుకునేదానికి లేదు."

ఆయన పోయాక జీవమ్మ చాప చుట్టేసింది. "రెడ్డినే అడుగుపో," అంది. "కాలరు వద్దన్నది మేమే అని ఒక్క మాట. ఆయనకేం ఖర్చు?"

శనివారం పొద్దున ప్రేమయ్య ముందు శెట్టినే అడిగాడు. శెట్టి గజం కర్రతో గుడ్డ కొలుస్తూ, ఒకే గుడ్డను మళ్లీ మళ్లీ కొలుస్తూ, "నన్నడగొద్దప్పా. నేను చెప్పేటిది కాదు. రెడ్డి కాడికి పో," అన్నాడు. కత్తెర సంచిలో వేసుకుని ప్రేమయ్య గట్టుదారి పట్టాడు. దర్జీ కత్తెర లేకుండా బయటికి పోడు.

గంజి పొయ్యిలు రేగుతున్నాయి. ముంతలు పట్టుకున్నవాళ్లు నేలమీద వరసగా కూర్చున్నారు. వరస ముందుకు జరిగినప్పుడు కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే, చేతులమీద బరువు వేసి జరుగుతున్నారు. రెడ్డి గంజి కేంద్రం పాకలో లేడు. పాక వెనకనుంచి ఒక చప్పుడు వచ్చింది.

గుడ్డ చింపే చప్పుడు.

ప్రేమయ్య కాళ్లు ఆగాయి. గుడ్డకు గుడ్డకు చింపే చప్పుడు వేరు. పట్టు ఒక రకంగా ఏడుస్తుంది, పలచటి మల్లుగుడ్డ ఒక రకంగా గొణుగుతుంది. ఇది ముతకది. వారాలపాటు ఆయన వేళ్ల కింద నలిగినది. పాక వెనక్కి వెళ్లి చూస్తే తడికల గది తలుపు తెరిచి ఉంది. లోపల గంజి వండే గురమ్మ తానును కాలి బొటనవేళ్ల మధ్య అదిమిపట్టి, పళ్లతో అంచు కొరికి, రెండు చేతులతో చింపుతోంది. చింపింది వంకర పోయింది. దాన్ని పక్కన పడేసింది. ఆ పక్కన అలాంటివి ఇంకా ఉన్నాయి. ఏవీ చొక్కా కొలతలు కావు.

"గురమ్మా, ఏంటికిది?"

ఆమె తలెత్తలేదు. "ఈపొద్దు ఇద్దరు. దారెంబడి వచ్చినోళ్లు, మాది యాడని చెప్పేలోపలే పోయినారు. గుడ్డ కప్పకుండా మట్టి చేస్తామా?" చింపిన ముక్కను ఎత్తి చూసింది. "నా చేత కావట్లే. వంకర పోతాండాది. నీ కాడ కత్తెర ఉండాది గదా, రోంత కోసిస్తావా ప్రేమన్నా?"

ప్రేమయ్య కూర్చున్నాడు. సంచిలోంచి కత్తెర తీశాడు. అలవాటుగా సుద్దముక్క కోసం కూడా తడిమాడు.

"ఎంత పొడుగు?"

"పండుకున్న మనిషంత."

చొక్కాకైతే భుజం కావాలి, ఛాతీ కావాలి, చెయ్యి పొడుగు కావాలి, మెడ చుట్టుకొలత కావాలి. దీనికి పొడుగొక్కటే చాలు. ఆయన మడత పెట్టి, పోగు వెంట కత్తెర నడిపాడు. ఒకటి కోశాడు. రెండోది మొదలుపెట్టబోతే, "అంత వద్దు," అంది గురమ్మ. "అది చిన్నది."

ఆయన సగానికి మడిచి కోశాడు.

తలుపు దగ్గర నీడ పడింది. తిమ్మారెడ్డి నిలబడి ఉన్నాడు. గొడుగు లేదు, గంజి పెట్టిన చొక్కా చెమటకు మెత్తబడి ఒంటికి అతుక్కుంది.

"చూస్తివా?" అన్నాడు.

"చూస్తి రెడ్డీ."

"ఇంగ అడగాల్సింది లేదు గదా."

"ఉండాది. ఇట్లని చెప్తే నేనేమన్నా వద్దంటానా? కాలర్లే కాదు, చేతులు కూడా తగ్గించి కుట్టేవాణ్ణి. అందరి ముందర నన్నెందుకు దొంగను చేసినారు?"

తిమ్మారెడ్డి గడప మీద కూర్చున్నాడు. ప్రేమయ్య ఎదురుగా ఆయన అంత కిందికి కూర్చోవడం అదే మొదలు.

"ఆకలికి పోయినారని రాస్తే పైనుంచి అడుగుతారురా. గంజి పోస్తాండారు గదా, ఎట్ల పోయినారు అని. సరిగ్గా పోయలేదని నన్నంటారు, లేదంటే పోసినా లాభం లేదని కేంద్రం ఎత్తేస్తారు. ఎట్లయినా ఆ పొయ్యి ఆరిపోతాది. అందుకే జ్వరమని రాస్తాండాం. జ్వరంతో పోయినోళ్లు ఇంతమందా అని ఎవరన్నా గుడ్డ లెక్క తీస్తే? నేను మా ఇంట్లో ఉండేటివన్నీ ఇచ్చేసినా. మా ఆడోళ్ల చీరలు కూడా. అయిపోయినాయి. అప్పుడు ఈ తాన్లు కనబడె."

"దాసన్న వాళ్లమ్మకు?"

తిమ్మారెడ్డి కోసిన గుడ్డ అంచును వేలితో తాకాడు.

"ఇదే. మా ఇంటిదని చెప్పినాం. యాడిదని వాడే అడిగినాడు. ఏం చెప్తాం? నీకు రాబోయే అంగి కాలరురా అని చెప్తామా? మీయమ్మ గంజి వరసలో, ముంత నిండక ముందర, ఆకలికి పోయిందని చెప్తామా? వాడు ఆపొద్దు ఆ పక్కనే మట్టి మోస్తాండాడు. నా గంజి అమ్మకియ్యకుండా నేనే తాగితినే అని ఏడుస్తాడు జన్మంతా."

ప్రేమయ్య కత్తెర మూశాడు. దాని వేళ్ల పట్టు చెమటకు జారుతోంది.

"నా పేరు రెడ్డీ?"

"నాలుగు దినాలు అంటారు, మర్సిపోతారు."

"మీకైతే నాలుగు దినాలే."

తిమ్మారెడ్డి లేచి దులుపుకున్నాడు. "నువ్వు చెప్తానంటే నేను ఆపేటోణ్ణి కాదు," అన్నాడు. "రేపు మీ గుళ్లోనే చెప్పు. ఎల్లుండి పొయ్యి వెలిగిస్తామో లేదో నాకు ఎరిక లేదు." పొయ్యిలవైపు పోయాడు. ఆజ్ఞ వేసి ఉంటే ఎదిరించడానికైనా ఉండేది. ఆయన నిర్ణయాన్నే ప్రేమయ్య చేతిలో పెట్టిపోయాడు.

గురమ్మ కోసిన గుడ్డలు మడిచి చంకన పెట్టుకుంది. "నీట్‌గా వచ్చినాయి," అంది, మెచ్చుకుంటున్నట్టు.

ఆదివారం పొద్దున ప్రేమయ్య తన చొక్కాలన్నిటిలో మంచిది తొడుక్కున్నాడు. జీవమ్మ వెనకనుంచి కాలరు సర్దింది.

"రెడ్డి ఏమంటాడు? నిన్నట్నుంచి అడుగుతాండా."

"ఏమనలేదు."

"అయితే నువ్వే నిలబడి చెప్పు. నోరు ల్యాదా నీకు?"

గుడి నిండింది. చెరువు పనికి పోయే మగవాళ్లంతా ఆ చొక్కాలే వేసుకొచ్చారు. వాళ్లకు అంతకంటే కొత్తవి లేవు. వెనకనుంచి చూస్తే వరసల నిండా బోడి మెడలు. తట్టల మోతకు కాయకాసిన మెడలు, వెన్నుపూసలు లెక్కపెట్టగలిగిన మెడలు. కాలరు ఉంటే అవేవీ కనబడేవి కావు. ఇన్నాళ్లూ వాటిని కప్పే పని తనదే అని ప్రేమయ్యకు అప్పుడు తోచింది.

పాట అయ్యాక, ఎవరైనా సాక్ష్యం చెప్పేది ఉంటే చెప్పమన్నాడు పాదిరి. దాసన్న లేచాడు.

"మా అమ్మ కోసం అందరూ ప్రార్థన చేసినారు. వందనాలు. ఈ కరువులో ఎందరో ఆకలికి పోతాండారంట. మా అమ్మకు అట్ల కాలేదు. జ్వరంతో పోయె. కొత్తగుడ్డతో పోయె. దేవుడు నాకు ఆ ఒక్కటి తక్కువ చెయ్యలేదు." గొంతు సరిచేసుకుని ప్రేమయ్యవైపు తిరిగాడు. "ఇంగ ప్రేమన్న చెప్పల్ల. ఏం చెప్పినా మేం వింటాం."

ప్రేమయ్య లేచి నిలబడ్డాడు. ఆడవాళ్లవైపునుంచి జీవమ్మ ముందుకు వంగి చూస్తోంది. దాసన్న మెడ గుంటలో చెమట చుక్క ఒకటి ఆగి, కాలరు లేని చోటికి జారింది. ఒక్క మాట. మాట నాలుక చివరకు వచ్చి, బరువుకు అక్కడే కూలబడింది.

"అంగీలు నేనే కుట్టినా," అన్నాడు ప్రేమయ్య. "కాలర్లు నేనే వెయ్యలేదు. కమిటీవాళ్లను ఏమనాకండి."

"మరి గుడ్డ?"

"ల్యా. నా కాడ ల్యా."

"ఏం చేస్తివన్నా?" దాసన్న అడిగాడు, బతిమాలుతున్నట్టుగా.

ప్రేమయ్య కూర్చున్నాడు.

గుడిలో ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు. జీవమ్మ కొంగు మొగానికి అడ్డం పెట్టుకుంది. పాదిరి లేవయ్య గిన్నెను తెల్లబట్టతో తుడిచి, కాసేపు పట్టుకుని, దాసన్న చేతికిచ్చాడు. దాసన్నకు అలవాటు లేదు. గిన్నె తొణకకుండా రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఒక్కొక్క అడుగే వేస్తూ వరసల మధ్య నడిచాడు. ప్రేమయ్య ముందుకొచ్చాక ఆగాడు. ఆగకూడదని గుర్తొచ్చి, పక్కవాడి దగ్గరికి జరిగాడు.

సోమవారం పొద్దెక్కాక రేకుల పంచ ముందు ఒక మనిషి సైకిలు దిగాడు. ఒళ్లంతా రోడ్డు దుమ్ము, చంకలో గుడ్డ మూట.

"ఈడ ప్రేమయ్య అంగీలు కుట్టేది నువ్వేనా అప్పా?"

"ఏ ఊరు మీది?"

"తుగ్గలి రోడ్డు పనికాడ ఉండాం. మీ చెరువు పనోడొకడు వచ్చినాడు ఆ అంగీ ఏసుకుని. తట్ట మోస్తాంటే మెడకాడ ఏం ఒరుసుకోదంట, శానా సుఖమంట. గాలి కూడా ఆడ్తాదంట. మావాళ్లందరూ అదే కావాలంటాండారు. ముందర నాకొకటి కుట్టు." మూట మిషను మీద పెట్టి, చొక్కా విప్పి, నవ్వాడు. "ఎవరప్పా ఆ ప్రేమయ్య? ఎవరో దొంగంట గదా? కాలర్లన్నీ కాజేసినాడంట. వాని పుణ్యమా అని మాకు మంచిదే అయ్యె."

"అవును," అన్నాడు ప్రేమయ్య. "నిటారుగా నిలబడు."

మెడలోంచి టేపు తీసి ఆ మనిషి భుజం మీద ఒక కొస పెట్టాడు. రెండో కొస వదిలాడు. టేపు వీపు మీదుగా దిగింది. నడుము దగ్గర ఆగవలసింది. ఆగలేదు. ప్రేమయ్య దాని వెంట మెల్లగా వంగి, మోకాళ్లమీద కూర్చుని, మడమ దగ్గర నేలకు ఆనించి పట్టుకున్నాడు.

"ఓ అప్పా," ఆ మనిషి పైనుంచి నవ్వాడు. "నేను అడిగింది అంగి. కాళ్లదాకా కొలుస్తాండావేంది?"

ప్రేమయ్య లేవలేదు. టేపు మీద బొటనవేలు పెట్టిన చోట పొడుగు చూసుకున్నాడు, గుర్తుంచుకోవాల్సినట్టుగా. ఆ తర్వాత టేపును నడుము దాకా లాక్కుని, మళ్లీ మొదటినుంచి కొలవడం మొదలుపెట్టాడు.